కెమెరాకు చిక్కిన చుక్కలు, రాడార్‌కు చిక్కిన ముక్క

1991 సెప్టెంబర్ 15న నాసా వ్యోమనౌక డిస్కవరీ షటిల్ భూమికి సుమారు 570 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుండగా, సరుకు అరలోని దాని కెమెరా ఒకటి రాత్రివైపు భూగోళపు అంచును చూపిస్తోంది. దిగంతం దగ్గర ఒక తెల్లని చుక్క నింపాదిగా కదులుతోంది. ఇంతలో తెరపై ఒక మెరుపు మెరిసింది. మరుక్షణమే ఆ చుక్క మలుపు తిరిగి వేగంగా దూరమైంది, కింది నుంచి ఒక సన్నని గీత దూసుకువచ్చింది. నాసా టీవీ ప్రసారంలో వచ్చిన ఈ కొద్ది సెకన్ల దృశ్యాన్ని చూసి, గ్రహాంతర నౌకపై భూమి నుంచి ఎవరో కాల్పులు జరిపారనీ, అది తప్పించుకుపోయిందనీ నమ్మినవారు ఉన్నారు. అది నౌకను అంటిపెట్టుకుని వచ్చిన మంచు నలుసు మాత్రమేనని నాసా చెప్పింది. ముప్పై ఏళ్లు దాటినా ఆ వివాదం సద్దుమణగలేదు.

నిజానికి కక్ష్యలో కనిపించే ఇలాంటి చుక్కలు ఏమిటన్న ప్రశ్న షటిళ్లకంటే పాతది. 1962 ఫిబ్రవరి 20న ఫ్రెండ్‌షిప్ 7లో భూమిని చుట్టివస్తున్న అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్‌కు కక్ష్యలో సూర్యోదయం అవుతున్న వేళ కిటికీ బయట మిణుగురుల వంటి వేలాది వెలుగు కణాలు కనిపించాయి. తన నౌక తలకిందులై తాను నక్షత్రాలను చూస్తున్నానేమోనని ఆయన క్షణకాలం భ్రమపడ్డారు. అదే ఏడాది మే 24న వెళ్లిన స్కాట్ కార్పెంటర్ చెయ్యి నౌక తలుపుకు తగిలినప్పుడు బయట ఆ మిణుగురుల గుంపు ఒక్కసారిగా లేచింది. గోడకు పట్టిన మంచు పొడి రాలి ఎండలో మెరుస్తోందని అలా తేలింది. ఒక వ్యోమగామి లోపలి నుంచి గోడను తట్టి తేల్చిన శాస్త్రీయ ప్రశ్న బహుశా ఇదొక్కటే.

తరువాతి వాటికి అంత తేలికైన జవాబు దొరకలేదు. 1965 జూన్‌లో జెమిని 4 నుంచి జేమ్స్ మెక్‌డివిట్‌కు సన్నని చెయ్యి వంటిది పొడుచుకువచ్చిన ఒక స్తూపాకార వస్తువు కనిపించింది. అది ఆయన నౌకనే మోసుకొచ్చిన రాకెట్టు రెండో దశ అయి ఉంటుందని కొందరు నిపుణులు వాదించినా ఆయన మాత్రం ఒప్పుకోలేదు. 1969 జులైలో చంద్రుని దారిలో అపోలో 11 సిబ్బందికి తోడుగా ఒక వస్తువు కనిపించినప్పుడు, రాకెట్టు మూడో దశ ఎక్కడుందని వారు హ్యూస్టన్‌లోని నియంత్రణ కేంద్రాన్ని అడిగారు. అది వేల కిలోమీటర్ల దూరంలో ఉందని తెలియడంతో, చంద్రయానకాన్ని కప్పి ఉంచి విడిపోయిన నాలుగు పలకల్లో ఒకటి తమ వెంట వస్తూ ఉంటుందనే అంచనాకు వచ్చారు.

షటిళ్ల కాలంలో వచ్చిన మార్పు ఏమిటంటే, చూసే కన్ను వ్యోమగామిది కాక కెమెరాది అయింది. రాత్రివేళ మబ్బుల్లో మెరుపులను పట్టుకునేందుకు మసక వెలుతురులోనూ పనిచేసే కెమెరాలను భూమివైపు తిప్పి ఉంచేవారు. తొంభై నిమిషాలకోసారి నౌక భూమి నీడలోంచి ఎండలోకి వచ్చేది; కింద భూమి మాత్రం ఇంకా చీకటిలోనే ఉండేది. గవాక్షంలోంచి పడే ఎండలో తేలాడే నలుసుకు మన పాతవాళ్లు త్రసరేణువు అనే పేరే పెట్టారు. చీకటి గదిలో దాన్ని చూపించే ఏర్పాటు ఏదో, అక్కడ జరిగిందీ అదే. నీటి పారబోత వల్లా, ఇంజన్ల మూతుల వద్ద పేరుకోవడం వల్లా ఏర్పడే మంచు ముక్కలు నౌకతోపాటే సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా వేగంతో సాగుతూ, నౌకకు మాత్రం నిలకడగా తేలుతున్నట్టు కనిపిస్తాయి. గాలి లేదు, పొగమంచు లేదు, పోల్చుకోవడానికి చెట్టూ చేమా లేవు. కనుక పది మీటర్ల దూరంలోని నలుసుకూ వంద కిలోమీటర్ల దూరంలోని నౌకకూ తెరమీద తేడా ఉండదు.

హ్యూస్టన్ నియంత్రణ కేంద్రంలో దీర్ఘకాలం పనిచేసిన జేమ్స్ ఓబెర్గ్ ఈ వివరణను బలంగా వినిపించారు. డిస్కవరీ దృశ్యంలోని మెరుపు నౌక దిశను సరిచేసే థ్రస్టర్ అనే చిన్న ఇంజన్ మండటమేననీ, దాని నుంచి వెలువడిన వాయువు తాకిడికి మంచు ముక్క పక్కకు ఎగిరిందనీ ఆయన వాదన. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఒమాహాలో భౌతికశాస్త్రం బోధించిన జాక్ కాషర్ మాత్రం కదలికలను లెక్కగట్టి, అవి మంచు ముక్కలకు సరిపోవని తేల్చారు. ఆయన లెక్కను తోసిపుచ్చేముందు ఒక మాట ఒప్పుకోవాలి: దూరం తెలియని వస్తువుకు వేగం కట్టడం ఎవరికీ సాధ్యం కాదు, ఇరుపక్షాలూ దూరాన్ని ఊహించుకునే మొదలుపెట్టాయి. అయితే నౌక కదిలిన క్షణానికీ చుక్కలు కదిలిన క్షణానికీ ఉన్న పొత్తును చూస్తే ఓబెర్గ్ ఊహకే మొగ్గు కనిపిస్తుంది.

1996 నాటి కొలంబియా షటిల్ దృశ్యం మరింత ప్రసిద్ధం. ఇటలీ తయారుచేసిన ఉపగ్రహాన్ని దారానికి కట్టి వదిలే ప్రయోగంలో, ఫిబ్రవరి 25న దాదాపు 19.7 కిలోమీటర్ల తాడు బయటికి వచ్చాక అది కాలి తెగిపోయింది. కొన్ని రోజుల తరువాత దూరం నుంచి దాన్ని చిత్రీకరించినప్పుడు, తెల్లని దూలంలా మెరుస్తున్న తాడు చుట్టూ నడుమ చిల్లు, అంచున గంటు ఉన్న గుండ్రని బిళ్లలు ఈదులాడాయి. కొన్ని బిళ్లలు తాడు వెనుకనుంచి వెళ్లినట్టు కూడా కనిపించాయి. అదే నిజమైతే వాటి వెడల్పు కిలోమీటర్లలో ఉండాలి. ఈ లెక్క వేసినవారు తాడు మందం కూడా అదే తెరమీద కొలిచి ఉంటే బాగుండేది. రెండున్నర మిల్లీమీటర్ల తాడు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి దూలంలా కనబడిందంటే, కెమెరా వెలుగును అతిగా పీల్చుకుని పొంగిపోయిందని అర్థం. తాడు అప్పటికే తెర చూపగలిగినంత తెలుపుకు చేరుకుంది. దాని ముందుకు ఇంకో వెలుగు వచ్చినా అక్కడ కొత్తగా కనిపించేది ఏమీ ఉండదు. అందుకే బిళ్ల తాడు వెనక్కి పోయినట్టు తోస్తుంది. చిల్లూ గంటూ కూడా దగ్గరి నలుసును దృష్టి కుదరని కటకం చూపే తీరే. ఒకే బిళ్ల తెరలో చోటు మారేకొద్దీ దాని గంటు కూడా జరగడం ఇందుకు గట్టి ఆధారం.

2023 సెప్టెంబర్‌లో నాసా నియమించిన నిపుణుల సంఘం ఆకాశంలో కనిపించే గుర్తుతెలియని దృశ్యాల గురించి చెప్పిందీ దాదాపు ఇదే: గ్రహాంతర మూలానికి ఆధారం లేదు, కానీ కెమెరా ఎటు చూస్తోందో, ఎంత దూరంలోదాన్ని చూస్తోందో నమోదు కాని చిత్రాలతో ఏదీ తేలదు.

ఈ వాదులాటలో రెండు పక్షాలకూ ఉమ్మడిగా ఒక లోపం ఉంది. శకలమని తేలితే ఇక పట్టించుకోనక్కర్లేదన్నది ఇద్దరి ధోరణీ. వ్యోమనౌకను నడిపేవారికి అసలు భయం అక్కడే మొదలవుతుంది. 2006 సెప్టెంబర్‌లో అట్లాంటిస్ షటిల్ దిగడానికి ముందు దాని దగ్గర ఒక నల్లని ముక్క తేలుతూ కనబడితే, నాసా దిగే తేదీని ఒకరోజు వాయిదా వేసి నౌక ఒళ్లంతా మళ్లీ పరీక్షించింది. నౌకను వేడి నుంచి కాపాడే పలకల సందులో ఉంచే ప్లాస్టిక్ ముక్క అయి ఉంటుందని భావించాకే అది సెప్టెంబర్ 21న నేలకు దిగింది.

అంత జాగ్రత్త ఎక్కడ నేర్చుకున్నారో 2003 నాటి దర్యాప్తు నివేదిక చెబుతుంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వెళ్లిన కొలంబియా ఫిబ్రవరి 1న తిరిగివస్తూ ముక్కలైపోయాక, అమెరికా వైమానిక దళం పాత రాడార్ నమోదులను తిరగేసింది. ప్రయాణం రెండో రోజున, అంటే జనవరి 17న, ఒక చిన్న వస్తువు నౌక నుంచి విడివడి మెల్లగా దూరం కావడం వాటిలో కనిపించింది. నౌకలో వాడిన పలు పదార్థాలతో పోల్చి పరీక్షిస్తే, రెక్క ముందంచుకు అమర్చే కార్బన్ పలక ముక్క దానికి సరిపోలింది. ఆ వస్తువు సుమారు రెండున్నర రోజులు కక్ష్యలో తిరిగి, లోపల ఏడుగురూ తమ పనుల్లో ఉండగానే, వాతావరణంలో పడి కాలిపోయింది. దాన్ని అప్పట్లో ఎవరూ చూడలేదు. దానిమీద ఏ వివాదమూ రేగలేదు.