ఇటలీలో బిజినెస్ చదువు: అపోహలు - వాస్తవాలు

నేను బొలోన్యాలో మేనేజ్‌మెంట్ మాస్టర్స్ చేశాను, ఇప్పుడు గుంటూరులో ఉండి ఇటలీ వెళ్ళే పిల్లల అప్లికేషన్లు, పేపర్ల పని దగ్గరుండి చూస్తున్నాను. ఎవరొచ్చినా ఇవే మాటలు, అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నా.

అపోహ: ఇటలీలో చదువు ఫ్రీ.

గవర్నమెంట్ యూనివర్సిటీల్లో ఫీజు ఇంటి ఆదాయాన్ని బట్టి ఉంటుంది, స్కాలర్‌షిప్ కూడా ఆదాయం చూసే ఇస్తారు, బొలోన్యా వైపు ఎర్గో, టూరిన్ వైపు ఎడిసు అని ఏ ప్రాంతానికి ఆ సంస్థ ఉంటుంది. అంతవరకు నిజమే. కానీ అందరికీ వస్తుందని కాదు, పైగా ఫస్టియర్‌లో చెప్పినన్ని క్రెడిట్లు రాకపోతే తీసుకున్న డబ్బు తిరిగి కట్టాలి, ఈ ముక్క చెప్పగానే చాలామంది పేరెంట్స్ మొహాలు మారిపోతాయి. మిలాన్‌లో బొక్కోని ఉంది చూశారా, 1902లో పెట్టింది, అది ప్రైవేటు, దాని ఫీజు లెక్కే వేరు. ఇల్లు, పొలం తాకట్టు పెట్టేముందు ఇవన్నీ కూర్చుని లెక్క వేసుకోండి.

అపోహ: 30కి 18 వస్తే పాస్, ఈజీ.

చాలా సబ్జెక్టులకి ఓరల్ ఉంటుందండీ. ప్రొఫెసర్ ఎదురుగా కూర్చోబెట్టి ఎందుకు, ఎలా అని లాగుతూనే ఉంటారు, బట్టీ పట్టింది రెండో ప్రశ్నకే అయిపోతుంది. నా మొదటి ఓరల్‌లో 19 అన్నారు, పాసయ్యానని సంతోషపడేలోపే ఆయన "తీసుకుంటావా, వదిలేసి మళ్ళీ వస్తావా" అని అడిగారు, నాకు అర్థమే కాలేదు. అక్కడ మార్కు నచ్చకపోతే వద్దనుకుని మళ్ళీ రావచ్చు. వదిలేశా, తర్వాత సారి 27 వచ్చింది. ఫైనల్ డిగ్రీ మార్కులు మాత్రం 110కి.

అపోహ: కోర్సు ఇంగ్లీష్‌లోనే కదా, ఇటాలియన్ ఎందుకు?

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. దిగిన 8 పనిదినాల్లో రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లై చేయాలి, దానికి పోస్టాఫీసుకి వెళ్ళాలి, ఆ కౌంటర్‌లో ఇంగ్లీష్ దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. ఇంటర్న్‌షిప్పులు కూడా భాష రానివాళ్ళకి చాలా తక్కువ. మనకి అంత కష్టం కాదు కూడా, వాళ్ళ మాటలూ మన తెలుగులాగే ఎక్కువగా అచ్చుతోనే ఆగుతాయి, మనకి నువ్వు-మీరు ఉన్నట్టే వాళ్ళకి తు-లేయి ఉంది, ఎవరిని ఎలా పిలవాలో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

అపోహ: ఇటలీ అంటే ఫ్యాషన్, పిజ్జా, బిజినెస్ ఏముంది నేర్చుకోవడానికి?

రెజ్జో ఎమిలియా వైపు క్రెడెమ్ అనే బ్యాంకు 1953 నుంచి పార్మిజానో చీజ్ చక్రాలు పెట్టుకుని అప్పు ఇస్తుంది. ఒక్కో చక్రం దాదాపు 40 కిలోలు, కనీసం 12 నెలలు మాగాలి, అన్నాళ్ళూ డబ్బు ఇరుక్కుపోతే పాలు పోసే రైతుకి చీజ్ చేసేవాళ్ళు ఎక్కడినుంచి తెచ్చి ఇస్తారు? అందుకని సరుకు గోదాములో మాగుతూ ఉంటుంది, దాని మీద అప్పు చేతికొస్తుంది, నెలలు గడిచేకొద్దీ తాకట్టు విలువ పెరుగుతుంది. క్లాసులో ఇది వింటుంటే నాకు మా నాన్నే గుర్తొచ్చాడు, కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) పెట్టి, వాళ్ళిచ్చే బాండు మీద లోన్ తెచ్చి మా ఫీజు కట్టేవాడు.

తర్వాత క్లాసంతా ఒక చీజ్ గోదాము చూడ్డానికి వెళ్ళాం. ఒక పెద్దాయన చిన్న సుత్తితో చక్రాన్ని అక్కడక్కడా తట్టి చెవి పెట్టి వింటున్నాడు, లోపల పగులు ఉంటే చప్పుడు మారుతుందట. నేను వచ్చీరాని ఇటాలియన్‌లో "లేయి" అని మర్యాదగా అడిగా, నేను కూడా వినొచ్చా అని. ఆయన నవ్వి సుత్తి నా చేతిలో పెట్టాడు.