ఉప్పు గుట్టకు కప్పు ఎందుకు?

ప్రియమైన పిల్లలకు,

మంచు బాగా కురిసే నగరాల్లో ఎండాకాలం ఉండగానే చలికాలం పని మొదలవుతుంది. లారీలు వరసగా వచ్చి పెద్ద పెద్ద షెడ్లలో ఉప్పు దింపిపోతాయి. పక్కన మనిషి నిలబడితే చీమలా కనిపిస్తాడు, అంత గుట్ట! నా ఉద్యోగంలో ఎక్కువ కాలం అలాంటి గుట్టల దగ్గరే గడిచింది. రోడ్డు మీద ఉప్పు చల్లితే మంచు కరుగుతుందని మీకు బళ్లో చెప్పే ఉంటారు. ఆ ఉప్పు రోడ్డెక్కేదాకా ఎక్కడుంటుందో, దాన్నెలా కాపాడతారో ఎవరూ పెద్దగా చెప్పరు. నేను చెబుతాను.

ముందు ఒక్క మాట. మామూలు నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. నూటికి 23 పాళ్లు ఉప్పు కలిస్తే మైనస్ 21 డిగ్రీల దాకా గడ్డకట్టవు. అయితే ఇది లెక్క ప్రకారం. నిజంగా రోడ్డు మీద మైనస్ 10 దగ్గరికి వచ్చేసరికే ఉప్పు చాలా నెమ్మదిగా పనిచేస్తుంది. మంచును కరిగించాలంటే ఉప్పు నీళ్లలో కలవాలి కదా? రోడ్డు మీద పనికొచ్చే ఆ గుణమే షెడ్డులో మాకు తలనొప్పి.

గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, ఉప్పు దాన్ని పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. మళ్లీ గాలి ఆరగానే ఉప్పు పలుకులు ఒకదానికొకటి అతుక్కుపోయి రాయిలా బిగుస్తుంది. మంచు తుఫాను రాత్రి లోడర్ (ఉప్పు ఎత్తి లారీలో పోసే యంత్రం) తొట్టెతో ఎంత పొడిచినా రాదు. తెచ్చినా, చల్లే యంత్రంలో గడ్డ ఇరుక్కుంటుంది. గట్టిపడకుండా గనుల దగ్గరే సోడియం ఫెర్రోసైనైడ్ అనే మందు చాలా కొద్దిగా కలుపుతారు. వాన తగిలితే మాత్రం ఆ మందు కూడా ఏమీ చేయలేదు.

గడ్డకట్టడం చిన్న నష్టం. అసలు భయం కరిగి పారిపోయే ఉప్పుతోనే. ఒకచోట గుట్ట మీద టార్పాలిన్ కప్పి వదిలేశారు. గాలికి ఓ మూల చిరిగింది, ఎవరూ పట్టించుకోలేదు. చలికాలమంతా ఆ మూల నుంచి ఉప్పునీరు సన్నగా కారుతూనే ఉంది. వసంతం వచ్చేసరికి పల్లంలో ఉన్న చెట్లు అటువైపు చిగురించలేదు. దగ్గర్లోని బావి నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలాయి. గుట్ట తీసేశాక కూడా ఏళ్ల తరబడి ఆ ఉప్పదనం పోలేదు, ఎందుకంటే భూమిలోపల నీరు చాలా మెల్లగా కదులుతుంది. ఆ బావి గుర్తొస్తే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. ఓ గంట కష్టపడితే కుట్టేయగలిగిన చిరుగు అది.

ఒక లెక్క చేద్దాం. లీటరు నీటిలో, ఉప్పులో ఒక భాగమైన క్లోరైడ్ 230 మిల్లీగ్రాములకు మించి ఎక్కువ కాలం ఉంటే నీటిలోని జీవులకు ముప్పని అమెరికా పర్యావరణ సంస్థ 1988లో హద్దు పెట్టింది. ఉప్పులో చెప్పాలంటే సుమారు 380 మిల్లీగ్రాములు, అంటే చిటికెడు. ఈ లెక్కన ఒక కిలో ఉప్పు కారిపోతే 2,600 లీటర్ల మంచినీరు ఆ హద్దుకు చేరిపోతుంది. మరి లారీడు ఉప్పు కారితే? మీరే గుణించి చూడండి. చెరువులో కలిసిన ఉప్పును మామూలు వడపోతతో తీయలేం. రోడ్డు మీద చల్లింది ఎలాగూ తిరిగి రాదు. షెడ్డులో ఉన్నది మాత్రం పూర్తిగా మన చేతుల్లోనే ఉంటుంది. కెనడా 2004లో తెచ్చిన నియమావళి కూడా ఉప్పును కప్పు కింద, నీరు ఇంకని నేల మీద ఉంచమనే చెబుతుంది.

అందుకే మంచి షెడ్డుకు నేల తారుతోనో కాంక్రీటుతోనో వేస్తారు, పగుళ్లు రాగానే పూడుస్తారు. తలుపు గాలివాన కొట్టే వైపు పెట్టరు. లారీలు నింపే పని కూడా వీలైనంతవరకు కప్పు కిందే జరగాలి. గోడల సంగతి వేరే చెప్పాలి. క్యూబిక్ మీటరు ఉప్పు 1.2 టన్నుల పైనే తూగుతుంది, అదంతా గోడను బయటికి నెడుతుంది. పైగా ఉప్పు కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. న్యూయార్క్‌లో స్ప్రింగ్ స్ట్రీట్ దగ్గర 2015లో కట్టిన ఉప్పు షెడ్డు 5,000 టన్నులు పట్టుకుంటుంది. ఎత్తు దాదాపు 70 అడుగులు, గోడల మందం కొన్నిచోట్ల ఆరడుగుల దాకా ఉంటుంది. బయటినుంచి చూస్తే పెద్ద ఉప్పు కల్లులాగే ఉంటుంది. నాకు చాలా ఇష్టమైన కట్టడం.

అంత నిల్వ అవసరమా అంటారా? 2014 ఫిబ్రవరిలో న్యూజెర్సీలో ఉప్పు అడుగంటింది. 40,000 టన్నులు మెయిన్ రాష్ట్రంలోని సియర్స్‌పోర్ట్ రేవులో సిద్ధంగా ఉన్నాయి. విదేశీ ఓడ అమెరికా రేవు నుంచి అమెరికా రేవుకే సరుకు మోయకూడదని అక్కడి చట్టం. ఎదురుగా ఓడ ఉన్నా అందులో ఎక్కించలేక, ఒక చిన్న బార్జ్‌లో (సరుకు మోసే బల్లపరుపు పడవలో) విడతలుగా తేవాల్సి వచ్చింది. తుఫాను వచ్చాక వెతుక్కుంటే ఉప్పు దొరకదు.

ఇంకో సంగతి, దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఉప్పు గుట్ట ఎక్కడ కనిపించినా ఎక్కొద్దు, కింద ఆడొద్దు. లోడర్ అడుగున తవ్వుకుపోతే పైన గట్టిపడిన పొర అలాగే వేలాడుతూ ఉంటుంది. చప్పుడు లేకుండా ఒక్కసారిగా విరిగి పడుతుంది. అనుభవమున్న పనివాళ్లు కూడా దాని కింద నిలబడరు.

చలికాలం అయిపోయాక మా పని వేరే ఉండేది. వాకిట్లో రాలిన ఉప్పంతా ఊడ్చి లోపల పోసేవాళ్లం. లారీలు కడిగిన నీళ్లు కాలువలోకి పోకుండా ట్యాంకులో పట్టి ఉంచేవాళ్లం. మళ్లీ చలి మొదలయ్యాక, మంచు పడకముందే రోడ్డు మీద చల్లే ఉప్పునీళ్లు తయారుచేయడానికి ముందుగా ఆ ట్యాంకే తెరిచేవాళ్లం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య