కొండెక్కే హక్కు: అడిగింది ఎవరు, దక్కింది ఎవరికి?

ఇంగ్లండ్ నైరుతిలోని డార్ట్‌మూర్ కొండనేలల్లో ఒక రాత్రి గుడారం వేసుకుని పడుకోవడానికి భూమి యజమాని అనుమతి అక్కర్లేదని 2025 మేలో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చేసింది. దాంతో మరి మిగతా ఇంగ్లండ్ సంగతేంటన్న గొడవ మళ్ళీ మొదలైంది. కోర్టులో వాదనంతా 1985 నాటి స్థానిక చట్టంలోని 'ఆరుబయట వినోదం' అన్న మాట చుట్టూనే తిరిగింది, గుడారంలో నిద్రపోవడం వినోదం కిందికి వస్తుందా రాదా అని. పశువులకు ఇబ్బంది, నేల పాడవుతుంది అన్నది యజమానుల మాట.

ఈ గొడవ లేచినప్పుడల్లా అందరూ మాంచెస్టర్ దగ్గరి కిండర్ స్కౌట్ అనే కొండ కథే చెబుతారు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ చుట్టుపక్కల కార్మికులు, ఉద్యోగం లేని కుర్రాళ్ళు కొన్ని వందల మంది, ఓ డ్యూక్ గారి వేటకొండ మీదికి ఎక్కేశారు. ముందు నిలబడ్డ బెన్నీ రాత్‌మన్‌కి అప్పటికి ఇరవై ఏళ్ళు. రైల్వే స్టేషన్లో పోలీసులు కాపు కాస్తారని సైకిల్ మీద వచ్చాడు. గేమ్‌కీపర్లతో, అంటే వేటకొండ కాపలాదారులతో, తోపులాట జరిగింది, ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల జైలు పడింది. మిగతాది చాలామందికి తెలిసిందే. మాంచెస్టర్ నడకసంఘాల పెద్దలు ఆ రోజు 'వీళ్ళు మావాళ్ళు కాదు' అని చేతులు దులుపుకున్నారన్నది మాత్రం తక్కువ మంది చెబుతారు.

నా లెక్కలో అసలు మలుపు కిండర్ కాదు, ఏడేళ్ళ తర్వాత వచ్చిన 1939 చట్టం. సాగులో లేని కొండల మీద అందరూ తిరగొచ్చు అని లేబర్ ఎంపీ ఆర్థర్ క్రీచ్ జోన్స్ బిల్లు పెట్టాడు. అది పార్లమెంటు దాటేసరికి యజమానుల సవరణలతో గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. ఆపాటికి ఏదో ఒక చట్టం వస్తే చాలని నడకసంఘాల తరఫున మాట్లాడిన పెద్దలు రాజీపడ్డారు. ఏ కొండ ఎక్కాలన్నా దానికోసం విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి, పైగా కొన్ని పరిస్థితుల్లో అనుమతి లేకుండా నడవడమే నేరం. అంటే హక్కు అడగబోతే శిక్ష తగిలింది. జైలుకెళ్ళిన కుర్రాళ్ళ లాంటివాళ్ళని ఆ బేరంలోకి ఎవరూ పిలవలేదు.

ఆ చట్టాన్ని ఎవరూ వాడలేదు, 1949లో రద్దయింది. కానీ దాని పద్ధతి మాత్రం పోలేదనే నేనంటాను. 1949 చట్టం జాతీయ పార్కులు తెచ్చింది గానీ, నడిచే హక్కుని స్థానిక సంస్థలూ యజమానులూ కుదుర్చుకునే ఒప్పందాలకు వదిలేసింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న చందం. స్వేచ్ఛగా తిరిగే హక్కు 2000లో గానీ రాలేదు. అదీ కొండలు, బీడునేలలు, ఉమ్మడి భూములకే, మొత్తం కలిపితే ఇంగ్లండ్‌లో 8 శాతం దాకా. అందులో ఎక్కువ భాగం ఊళ్ళకి దూరంగా ఉంది. కొన్నిటికైతే చుట్టూ ప్రైవేటు భూమే, లోపలికి వెళ్ళే దారే లేదు. కారున్న వాళ్ళకి అది హక్కు. కారులేని, వారానికి ఒక్కరోజు సెలవు దొరికే కుటుంబానికి అది మ్యాప్ మీద రంగు.

ఇప్పుడు నడక హక్కు ఉద్యమం కోరుతున్నది ఆ 8 శాతాన్ని నదీతీరాలకీ అడవులకీ పెంచమని. ఎన్నికల్లో గెలిస్తే అలాంటి చట్టం తెస్తామన్న లేబర్ పార్టీ 2023 అక్టోబరు నాటికే ఆ మాట వెనక్కి తీసుకుంది. ఉద్యమం తరఫున కోర్టులకీ, మంత్రుల దగ్గరికీ వెళ్ళేవాళ్ళు మంచివాళ్ళే, విషయం బాగా తెలిసినవాళ్ళే, కానీ మళ్ళీ ఎక్కువగా 1939లో రాజీపడ్డ ఆ పెద్దల లాంటి వర్గమే. అద్దె ఇళ్ళలో ఉండే కుటుంబాల్ని కూర్చోబెట్టి మీకేం కావాలని అడిగితే, వాళ్ళు గుడారం కంటే ముందు బస్సు గురించి మాట్లాడతారని నా అనుమానం.

1932లో కొండెక్కినవాళ్ళు కలుసుకున్న హేఫీల్డ్ ఊరికి అప్పట్లో మాంచెస్టర్ నుంచి రైలుండేది. 1970లో ఆ లైను మూసేశారు. పట్టాలు పీకేసిన చోట ఇప్పుడు నడకదారి ఉంది.