మంచు కింద చెవి

కోంగ్స్‌ఫియర్డ్‌లో అక్టోబర్ చివరి వారంలో అస్తమించిన సూర్యుడు మళ్లీ ఫిబ్రవరి సగం దాటితే గానీ ముఖం చూపించడు. నార్వేకి ఉత్తరాన స్వాల్‌బార్డ్ దీవుల్లో, కొండల నడుమకు ఇరవై కిలోమీటర్లు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ అది. అక్కణ్ణుంచి ఉత్తర ధ్రువం ఓ 1,200 కిలోమీటర్లు. అక్కడ చలికాలపు మిట్టమధ్యాహ్నానికీ అర్ధరాత్రికీ పెద్ద తేడా ఉండదు. వెలుతురు లేకపోతే నాచు పెరగదు, నాచు లేకపోతే దాన్ని తినేవాటికి పనిలేదు. కాబట్టి ఆ నాలుగు నెలలూ నీళ్లలోని ప్రాణులు ఎక్కడివక్కడ సద్దుమణిగి ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. పడవలు ఎలాగూ తిరగవు, వెళ్లి చూసేవాళ్లూ తక్కువే. చూడని చోట ఏమీ జరగదనుకోవడం మనకు అలవాటే కదా.

ఆ మాట కాదన్నది నీటి అడుగున కట్టి వదిలేసిన ఒక యంత్రం. తమాషా ఏమిటంటే, దాన్ని ప్రాణుల కోసం పెట్టలేదు, ప్రవాహాల వేగం కొలవడానికి పెట్టారు. అది నీళ్లలోకి ఒక శబ్దాన్ని వదిలి, ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గి కూర్చుంటుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డప్పుడు దగ్గరికొచ్చే రైలు కూత ఒకలా, దాటిపోయే కూత ఇంకోలా వినిపించినట్టే, ఆ ప్రతిధ్వని శ్రుతి మారిన తీరును బట్టి నీరు ఎటు, ఎంత వేగంగా పోతోందో లెక్కగడుతుంది. ఉత్త నీళ్ల నుంచి ప్రతిధ్వని రాదు. నీళ్లలో కొట్టుకుపోయే నలుసులకు తగిలితేనే వస్తుంది. సముద్రంలో ఆ నలుసులు చాలామటుకు ప్రాణమున్నవి, జంతు ప్లవకాలు. కాబట్టి ప్రవాహాల లెక్క కోసం తీసిన ఫైళ్లలోనే, ఏ లోతున ఎంత గట్టిగా ప్రతిధ్వని వచ్చిందో కూడా నమోదై ఉంది. ఆ గీతలను సమయం వారీగా పరిచి చూస్తే, నడి చలికాలంలో, మనిషి కంటికి ఆనని ఆ కాస్త మధ్యాహ్నపు వెలుతురుకే ప్లవకాల గుంపులు రోజూ కిందకీ పైకీ తిరుగుతున్నాయి. కోంగ్స్‌ఫియర్డ్‌లోనూ, స్వాల్‌బార్డ్‌లోనే ఉన్న మరో పాయ రిప్‌ఫియర్డ్‌లోనూ దొరికిన ఈ గీతల సంగతి 2009లో అచ్చయింది.

ఇంతకన్నా విచిత్రమైనది 2016లో బయటపడింది. ఆర్కిటిక్‌లో చాలాచోట్ల ఇలాగే వదిలిన యంత్రాల రికార్డులన్నీ ఒకచోట చేర్చి చూశారు స్కాట్లండ్, నార్వే శాస్త్రవేత్తలు. నడి చలికాలంలో కొన్ని రోజులు ఈ ప్రాణుల రాకపోకలు 24 గంటల లయ వదిలేసి 24.8 గంటల లయకు మారుతున్నాయి. అది సూర్యుడి రోజు కాదు, చంద్రుడి రోజు. పైగా 29.5 రోజులకొకసారి, సరిగ్గా పున్నమికి, గుంపులన్నీ పైనీటిని ఖాళీ చేసి దాదాపు 50 మీటర్ల లోతుకు దిగిపోతున్నాయి. మన దగ్గర చలికాలపు పున్నమి చంద్రుడు సాయంత్రం తూర్పున ఉదయించి తెల్లవారేసరికి పడమట వాలిపోతాడు. అక్కడ చలికాలపు పున్నమి చంద్రుడు కొన్ని రోజులపాటు అస్తమించకుండా ఆకాశంలోనే చుట్టూ తిరుగుతాడు. కంటితో చూసి వేటాడే వాటికి అది పట్టపగలు. తప్పించుకోవాలంటే చీకట్లోకి దిగిపోవడమొక్కటే దారి. పిండి వెన్నెల అంటే మనకు ఆరుబయట మంచాలు, కబుర్లు. బియ్యపు గింజంత ప్రాణికి అది ప్రాణగండం.

మరి ఇన్నాళ్లూ ఓడల మీద వెళ్లినవాళ్లకు ఇదెందుకు తెలియలేదు? ఓడకు దీపాలుంటాయి కాబట్టి. ధ్రువ రాత్రిలో ఓడ మామూలుగా పనికి వాడే దీపాలు వెలిగిస్తే చేపలు, ప్లవకాలు అయిదు సెకన్లలోపే చెదిరిపోతున్నాయనీ, ఆ అలజడి 200 మీటర్ల లోతు దాకా ఉందనీ 2020లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. లెక్కపెట్టడానికి వెళ్లినవాడి దీపమే లెక్కను తారుమారు చేస్తోంది. దీపం కింద చీకటి అంటాం గానీ, ఇక్కడ దీపం కింద శూన్యం. ఆర్కిటిక్‌ను గమనించడంలో ఉన్న చిక్కు ఇదేననిపిస్తుంది నాకు. మనం దగ్గరికి వెళ్తే అది మారిపోతుంది. దూరం నుంచి చూస్తే పైపొరే కనిపిస్తుంది.

ఆ పైపొర గురించి మనకు బాగానే తెలుసు. ఏటా సెప్టెంబర్‌లో పత్రికల్లో ఒక అంకె వస్తుంది, ఆర్కిటిక్ మంచు ఈసారి ఇంతకు తగ్గిందని. 1978 అక్టోబర్‌లో అమెరికా పంపిన నింబస్-7 ఉపగ్రహంతో మొదలైన లెక్క అది, ఇప్పటికీ తెగలేదు. మబ్బులు, నెలల తరబడి చీకటి ఉన్న చోట మామూలు కెమెరా పనికిరాదు. అందుకే నీరు, మంచు తమంతట తాము వెలువరించే మైక్రోవేవ్‌లను పట్టుకుంటారు. ఇక్కడొక తిరకాసు ఉంది. ఆ తరంగాల్లో నీటికన్నా చల్లనైన మంచే ఎక్కువ వెచ్చగా ఉన్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే నీరు ఆ తరంగాలను అంత బాగా వెలువరించలేదు. ఆ తేడాతోనే ఏది మంచో ఏది నీరో విడదీస్తారు. సుమారు 25 కిలోమీటర్ల గడిలో 15 శాతానికి మించి మంచుంటే, ఆ గడి మొత్తాన్నీ మంచు విస్తీర్ణంలో వేస్తారు. ఎండాకాలంలో మంచు మీద కరిగిన నీటి మడుగులు నిలిస్తే, కింద మీటరు మందం మంచున్నా ఉపగ్రహానికి అది సముద్రంలాగే తోస్తుంది.

ఇన్ని లొసుగులున్నా కథ మాత్రం స్పష్టం. 1979 సెప్టెంబర్‌లో అతి తక్కువగా ఉన్న రోజున మంచు దాదాపు 69 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే రెండు భారతదేశాలకు మించి. 2012 సెప్టెంబర్‌లో 34 లక్షలు, ఇంచుమించు ఒక్క భారతదేశం. చలికాలపు గరిష్ఠం కూడా తరుగుతోంది. 2025 మార్చిలో అది 1.43 కోట్ల దగ్గర ఆగిపోయింది, అప్పటిదాకా ఈ రికార్డులో అన్నిటికన్నా తక్కువ గరిష్ఠం అదే. ఆ అంకెలు అందించే అమెరికా సైనిక వాతావరణ ఉపగ్రహాల డేటా ఆపేస్తామని అదే ఏడాది ప్రకటన వచ్చింది, తర్వాత గడువు పొడిగించారు. ఈలోగా లెక్కలు చూసేవాళ్లు జపాన్ ఉపగ్రహం వైపు మళ్లారు. దాదాపు అర్ధ శతాబ్దపు దారం ఎంత సన్నటిదో అప్పుడు తెలిసొచ్చింది.

విస్తీర్ణం సరే, మందం మాటేమిటి? నీళ్లలో తేలే మంచుకు తొమ్మిది వంతులు కిందే ఉంటుంది, పైకి కనిపించేది ఒక వంతు. క్రయోశాట్-2 అనే ఉపగ్రహం రాడార్‌తోనూ, ఐస్‌శాట్-2 అనే ఉపగ్రహం లేజర్‌తోనూ ఆ పైకి తేలిన కాస్త ఎత్తును కొలిచి, మిగతాది లెక్కగడతాయి. అంటే ఎత్తులో రెండు సెంటీమీటర్లు తప్పితే మందంలో ఇరవై దాకా తప్పుతుంది. మంచు మీద కురిసి పేరుకున్న హిమం బరువు ఎంతో తెలియకపోతే ఆ తప్పు ఇంకా పెరుగుతుంది. ఉపగ్రహాలకు ముందు ఈ పనిని, ఉద్దేశం లేకుండానే, జలాంతర్గాములు చేశాయి. 1958లో నాటిలస్ ధ్రువం కిందుగా వెళ్లింది మొదలు, తల బద్దలవకుండా పైనున్న మంచును సోనార్‌తో కొలుచుకుంటూ పోయేవి. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక ఆ కాగితాలు బయటికొచ్చాయి. 1958-76 మధ్య నీటిమట్టానికి కింద సగటున 3.1 మీటర్లున్న మంచు 1990లకు 1.8 మీటర్లకు పడిపోయిందని 1999లో తేలింది. శత్రువు కోసం రాసుకున్న లెక్క చివరికి సముద్రానికి వైద్య రికార్డయింది.

మళ్లీ కోంగ్స్‌ఫియర్డ్‌కి వద్దాం. దాని ఒడ్డునే ఉంది నీ-ఓలెసుండ్, ఒకప్పటి బొగ్గు గనుల ఊరు, ఇప్పుడు పరిశోధకుల ఊరు. మన హిమాద్రి స్టేషన్ 2008 నుంచి అక్కడే ఉంది, 2023 డిసెంబర్ నుంచి చలికాలంలోనూ మనవాళ్లు ఉంటున్నారు. ఆ ఊళ్లో వైఫై, బ్లూటూత్ వాడకూడదు. అంతరిక్షం నుంచి వచ్చే అతి సన్నటి రేడియో సంకేతాలు వినే యాంటెన్నాలున్నాయి, వాటికి చెవిలో జోరీగలా ఉంటుందని. వినడానికే పుట్టిన ఊరు కాబోలు. 2014 జులై 23న ఆ ఫియర్డ్‌లో 192 మీటర్ల లోతున ఇండార్క్ అనే మన పరికరాల గొలుసును దించారు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం కలిసి చేసిన పని.

ఈ గొలుసు చూడ్డానికి సాదా వ్యవహారం. అడుగున బరువైన లంగరు, దాని నుంచి నిటారుగా లేచే తాడు, తాడు పొడవునా ఉష్ణోగ్రత, ఉప్పదనం, ప్రవాహం కొలిచే పెట్టెలు, పైన తాడును బిగువుగా నిలబెట్టే బోయాలు. పై బోయా కూడా నీళ్లలోపలే ఉంటుంది, లేకపోతే ఎదురుగా ఉన్న హిమానీనదాల నుంచి విరిగిపడే మంచు గడ్డలు ఊడ్చుకుపోతాయి.

అక్కడే ఎందుకంటే, ఆ ఫియర్డ్‌లో రెండు నీళ్లు కొట్లాడుకుంటాయి. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ఉప్పునీరు ఒకటి, హిమానీనదాలు కరిగి దిగే చల్లని, ఉప్పు తక్కువ నీరు ఇంకోటి. 2006 చలికాలంలో అట్లాంటిక్ నీరు లోపలికి తోసుకొచ్చింది. అప్పటిదాకా దాదాపు ఏటా గడ్డకట్టే ఫియర్డ్ ఆ తర్వాత మునుపటిలా గడ్డకట్టడం లేదు. అక్కడి సంగతి మనకెందుకనేవాళ్లకు ఒక ముక్క. ఎండాకాలంలో, రష్యాకు ఉత్తరాన ఉన్న కారా సముద్రపు మంచు బాగా తగ్గిన ఏడు, మధ్య భారతంలో సెప్టెంబర్ కుంభవృష్టికి దానితో సంబంధం ఉండొచ్చని మన గోవా కేంద్రం శాస్త్రవేత్తలు 2021లో ప్రతిపాదించారు. ఉండొచ్చు అన్నారు, ఉందని కాదు. పత్తి కాయ పగిలే వేళ కురిసే వాన గురించి కాబట్టి ఆ "ఉండొచ్చు"ను తేల్చుకోవడం మనకూ అవసరమే.

నీరు మారితే నీటిలోని తిండీ మారుతుంది. రొయ్యలకు దూరపు చుట్టమైన కలానస్ అనే ప్లవకంలో అక్కడ మూడు జాతులు. అట్లాంటిక్ నీటితో వచ్చే ఫిన్‌మార్కికస్ బియ్యపు గింజలో సగం. ఆర్కిటిక్‌కు సొంతమైన గ్లేసియాలిస్ దానికన్నా పెద్దది, హైపర్‌బోరియస్ నిండు గింజంత. సూక్ష్మదర్శిని కింద పెడితే ఒళ్లు అద్దంలా ఉంటుంది, లోపల పొడుగ్గా మెరుస్తూ కొవ్వు సంచి. ఆర్కిటిక్ జాతుల సంచిలో చాలా రెట్లు ఎక్కువ కొవ్వు. లిటిల్ ఆక్ అనే చిన్న పక్షి సముద్రంలోకి మునిగి, వీటిని గొంతు సంచిలో వందలకొద్దీ నింపుకుని కొండ రాళ్ల నడుమ గూట్లో ఉన్న పిల్లకు మోస్తుంది. చిన్న జాతే దొరికితే అదే కష్టానికి తక్కువ తిండి.

గ్లేసియాలిస్ బతుకు మంచు గడియారం మీద నడుస్తుంది. సముద్రపు నీరు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతూ ఉప్పును బయటికి నెట్టేస్తుంది. నెట్టగా మిగిలిన ఉప్పునీటి సన్నటి కాలువల్లో, మంచు అడుగు పొరలో, వసంతంలో నాచు పుడుతుంది. మీద అంత మంచున్నా కిందకి దిగే వెలుతురు దానికి చాలు. తల్లి ఆ నాచు తిని గుడ్లు పెడుతుంది. పిల్లలు తిండి తినే వయసుకొచ్చేసరికి మంచు కరిగి, తెరుచుకున్న నీళ్లలో రెండో నాచు పంట సిద్ధంగా ఉంటుంది. మంచు ముందే పోతే తల్లికి మొదటి పంటా తగ్గుతుంది, పిల్లలకు రెండోదీ చెయ్యిదాటుతుంది. ఈ మొదటి పంటను ఉపగ్రహం చూడలేదు, అది మంచు కింద కదా. గొలుసు మీది పరికరమే ఆ తేదీ పట్టుకోవాలి.

యంత్రాలు చేరలేని చోట కొన్నిసార్లు జంతువులే పని చేశాయి. గ్రీన్‌లాండ్ పడమర బాఫిన్ అఖాతంలో నార్వాల్ తిమింగలాలకు ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు తగిలించి వదిలితే, చలికాలపు మంచు సందుల్లోంచి 1,773 మీటర్ల దాకా మునిగి కొలిచి తెచ్చాయి. కెనడాలో ఇనుయిట్ యువకులు స్మార్ట్‌ఐస్ సంస్థ ద్వారా స్నోమొబైల్ వెనక చెక్క బండి కట్టి, దానిమీద మంచు మందం చెప్పే పరికరం పెట్టుకుని తిరుగుతున్నారు. ఏ దారిన బండి పోనివ్వాలో చెప్పేది మాత్రం పెద్దలే.

గొలుసును తీసే రోజు ఓడ దాని పైకి వచ్చి ఆగుతుంది. ఒక స్పీకరును నీళ్లలోకి దించి, ముందే ఖాయం చేసుకున్న శబ్దాన్ని పంపుతారు. అడుగున ఆ శబ్దాన్ని గుర్తుపట్టిన కొక్కెం తెరుచుకుంటుంది, లంగరు అక్కడే ఉండిపోతుంది, బోయాలు మిగతా గొలుసును లాక్కుంటూ పైకొస్తాయి. డెక్ మీద ఉన్నవాళ్లంతా రెయిలింగ్ పట్టుకుని నీళ్లకేసి చూస్తుంటారు. ఏ పక్కన తేలుతుందో చెప్పలేం. రంగు బోయా కనిపించాక, ఏడాదిగా నాచు పట్టిన పెట్టెను కడిగి, మూత విప్పి కేబుల్ తగిలిస్తారు. బ్యాటరీ చివరిదాకా నిలిచి ఉంటే, తెర మీద గీతల్లో పోయిన చలికాలపు పున్నములన్నీ ఒక్కొక్కటిగా లెక్కకొస్తాయి.