మంచు పడని బెజవాడలో స్కీ రేసింగ్: నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

పటమటలో మా వీధి చివర టీకొట్టు దగ్గర వీల్‌చైర్ ఆపితే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు: "ఏమ్మా, మళ్లీ కశ్మీర్ ఎప్పుడు?" వెంటనే రెండో ప్రశ్న: "అసలు అక్కడ నువ్వేం చేస్తావు?"

తొమ్మిదేళ్ల కిందట హైవే మీద స్కూటీ ప్రమాదంలో నా వెన్నుపూస దెబ్బతింది. నడుము కింద కదలిక లేదు, స్పర్శ లేదు. ఆరు శీతాకాలాలుగా సిట్-స్కీ మీద, అంటే కూర్చుని మంచు మీద జారే పరికరం మీద, ఆల్పైన్ రేసింగ్ (మంచుకొండ వాలు మీద కిందికి దిగే పోటీ) చేస్తున్నాను. చెప్పుకోదగ్గ పతకాలేమీ లేవు, ముందే చెప్పేస్తున్నా. కానీ ఈ ఆట గురించి, దానికి డబ్బు పోగు చేయడం గురించి అందరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక అయిపోయింది. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నా. దివ్యాంగులు అనాలా, వికలాంగులు అనాలా అని మొహమాటపడకండి. ఏదన్నా పర్లేదు. "పాపం" అనకుండా ఉంటే చాలు.

అపోహ: వీల్‌చైర్ చక్రాలు తీసేసి కింద చెక్కలు కడతారు

ఈ మాట మొదట అన్నది మా అమ్మమ్మ. సిట్-స్కీ కింద ఉండేది ఒకే ఒక్క స్కీ. అదీ మామూలు రేసర్లు కాలికి తగిలించుకునేదే. స్కీ మీద బూటు ఇరికించే చోట సిట్-స్కీకి ఉన్న లోహపు పాదం టక్కున కూర్చుంటుంది. దాని పైన ఫ్రేము, ఫ్రేములో షాక్ అబ్జార్బర్, ఆ పైన మేం బకెట్ అని పిలిచే సీటు. బకెట్ తుంటికీ తొడలకూ జాకెట్టు కుట్టినట్టు పట్టాలి. కాస్త సందు ఉన్నా మనం ఒక పక్కకి వాలతాం గానీ స్కీ వాలదు, మలుపు తిరగదు. చేతుల్లో ఔట్‌రిగర్లు ఉంటాయి. చూడ్డానికి మోచేతి కర్రల్లాగే ఉంటాయి కానీ చివర పొట్టి స్కీలు. వాటిని పైకి మడిచేస్తే నేలకు పొడుచుకుంటూ, కొండ పైకి తీసుకెళ్లే లిఫ్ట్ దాకా వెళ్లొచ్చు.

అందరూ కూర్చునే దిగరు. ఒక కాలు లేనివాళ్లలో చాలామంది ఒంటి స్కీ మీద నిలబడి, రెండు చేతుల్లో ఔట్‌రిగర్లతో దిగుతారు. చూపు లేనివాళ్లకు ముందు ఒక గైడ్ దిగుతూ, హెల్మెట్‌లోని బ్లూటూత్‌లో మలుపులు చెబుతుంటారు. పతకం వస్తే గైడ్‌కీ ఇస్తారు. న్యాయమే కదా.

అపోహ: మంచు లేని ఊళ్లో ప్రాక్టీస్ ఎలా కుదురుతుంది?

మంచు మీద రేసర్ గడిపే సమయం మీరు అనుకునే దానికంటే చాలా తక్కువ. స్లాలమ్‌లో, అంటే గేట్లు అనే కర్రల మధ్య మెలికలు తిరుగుతూ దిగే రేసులో, ఒక రన్ అటూ ఇటుగా నిమిషం. ట్రైనింగ్‌లో రోజుకు ఎనిమిది రన్‌లు దొరికితే నాకు పండగ. అంటే పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చలిలో ఉండి, అసలు స్కీయింగ్ చేసేది ఎనిమిది నిమిషాలు. మిగతాదంతా లిఫ్ట్ కోసం ఆగడం, గేట్లు సరిచేసేదాకా కాచుకోవడం, కోచ్ తీసిన వీడియోలో నా భుజం ఎక్కడ తప్పిందో చూసుకోవడం. కశ్మీర్‌లోని గుల్మర్గ్‌లో అసలు సీజన్ జనవరి నుంచి మార్చి దాకా. అందులో నా చేతిలో డబ్బున్నన్ని వారాలే నాకు సీజన్. ఒక ఏడాది ఐదు వారాలు, ఇంకో ఏడాది పన్నెండు రోజులు.

ఆ ఎనిమిది నిమిషాలకు ఒళ్లు సిద్ధం చేసే పని మాత్రం ఏడాదంతా బెజవాడలోనే. భుజాలు, వీపు, నాకు పని చేసేంత వరకు పొట్ట కండరాలు. తెల్లవారుజామున ఐదింటికి పద్మావతి ఘాట్ వైపు వీల్‌చైర్ తోస్తాను. ఎండెక్కాక ఆ పని పెట్టుకోను. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లకు గాయం కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒళ్లు తొందరగా వేడెక్కిపోతుంది. మే నెలలో అయితే మొక్కలకు నీళ్లు కొట్టే స్ప్రే సీసా ఒళ్లో పెట్టుకుని, చేతుల మీదా మెడ మీదా కొట్టుకుంటూ వెళ్తాను. చూసేవాళ్లకి వింతే.

బ్యాలెన్స్ కోసం ఆటోనగర్‌లో ఒక ఫ్రేము చేయించాను. బకెట్‌ను ఇరుసు మీద నిలబెట్టి, రెండు పక్కలా పాత బైకు షాక్ అబ్జార్బర్లు బిగించారు. ఒక పక్కకి వాలితే అది పడేయాలని చూస్తుంది, నేను పడకుండా చూసుకోవాలి. ఇదేమీ నా కొత్త ఆలోచన కాదు, విదేశీ రేసర్ల దగ్గర ఖరీదైనవి ఉంటాయి. లారీ బాడీలు కట్టే వెల్డింగ్ బాబాయి నా ఫోన్లో వీడియో మూడుసార్లు చూసి, "ఇంతేనా?" అని రెండు రోజుల్లో చేసిచ్చాడు. మజూరీ వద్దన్నాడు గానీ, టీలు మాత్రం నాతోనే తెప్పించాడు.

మన ఊరి అసలు శత్రువు ఎండ కాదు, ఉక్క. స్కీకి రెండు అంచులా ఉక్కు పట్టీ ఉంటుంది. కృష్ణ ఒడ్డున వానాకాలం ఊరికే వదిలేస్తే తుప్పు పట్టి చేతికొస్తుంది. సీజన్ అయి ఇంటికి రాగానే అడుగున, అంచుల మీద మైనం దట్టంగా కరిగించి అలాగే వదిలేయాలి. మళ్లీ మంచెక్కే ముందే గీకాలి. మొదటి ఏడాది ఆ మైనం మా అమ్మ ఇస్త్రీపెట్టెతో కరిగించాను. దాని వేడి నిలకడగా ఉండదు, పొగొచ్చింది. ఆ తర్వాత అమ్మ కంచిపట్టు చీరకి ఏమైందో ఇక్కడ రాయను.

అపోహ: స్పర్శ లేదు కాబట్టి నొప్పీ చలీ తెలియవు, అదొక రకంగా అదృష్టం

అన్నిటికంటే ఎక్కువ నేను భయపడేది ఈ మాటకే. ఎందుకంటే ఇది కొత్తగా ఆటలోకి వచ్చిన వికలాంగులు కూడా నమ్ముతారు. నేనూ నమ్మాను.

నొప్పి అంటే కబురు. నా కాళ్ల నుంచి ఆ కబురు రాదు. సున్నా కింద డిగ్రీల్లో గంటల తరబడి కదలని కాళ్లలో రక్తం నెమ్మదిగా తిరుగుతుంది. వేలు తెల్లబడి గడ్డకట్టుకుపోతున్నా నాకు తెలియదు. అందుకే మధ్యమధ్యలో ఆపి, బూటు విప్పి, కళ్లతో చూసుకోవాలి. పక్కవాళ్లు తొందరపెట్టినా సరే. మొదటి సీజన్లో తెలివి ఎక్కువై తొడల కింద వేడి ప్యాకెట్ పెట్టుకున్నాను. సాయంత్రం బకెట్ లోంచి దిగాక చూస్తే అరచేయంత బొబ్బ. చర్మం కాలుతుంటే నేను పైన కూర్చుని టీ తాగుతున్నానన్నమాట. స్పర్శ లేనిచోట వేడి ప్యాకెట్లు, వేడినీళ్ల సంచులు నేరుగా పెట్టకండి.

రెండోది పుండ్లు. బకెట్ బిగుతుగా ఉండాలని పైన చెప్పాను కదా, ఆ బిగువే ఎముక ఉన్నచోట చర్మాన్ని నలిపేస్తుంది. చిన్న ఎర్రమచ్చగా మొదలవుతుంది. ఒత్తిడి తీసేశాక కూడా ఎరుపు పోకపోతే ఆ రోజుకి స్కీయింగ్ బంద్. ఒకసారి "రేపు రేసు ఉందిగా" అని దాన్ని దాటేశాను. ఇంటికొచ్చి నెలన్నర బోర్లా పడుకున్నాను. పోటీలో నేను వచ్చింది చివరి నుంచి రెండో స్థానం, దానికోసం నెలన్నర.

ఇంకా ఉన్నాయి. కదలని కాళ్లలో ఎముకలు పలచబడతాయి, మామూలువాళ్లకు ఏమీ కాని పడటానికి మాకు విరగొచ్చు. విరిగినా తెలియకపోవచ్చు, వాపు చూసి గుర్తుపట్టాలి. స్లోప్ దగ్గర మాకు పనికొచ్చే బాత్రూమ్ దూరం కదా అని కొందరు నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి సీజన్ మధ్యలో జ్వరంతో రైలెక్కుతారు. నీళ్లు తాగండి, కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) టైము ప్రకారం వాడండి. సిగ్గు పడితే నష్టం మనకే.

అపోహ: కిందికి జారడమే కదా

అవును, భూమ్యాకర్షణ దాని పని అది చేస్తుంది. మా పని ప్రతి గేటు దగ్గరా మలుపు తిరగడం. అన్నిటికంటే వేగంగా దిగే డౌన్‌హిల్ రేసులో సిట్-స్కీ రేసర్లు గంటకు వంద కిలోమీటర్లు దాటతారు. నేనింకా ఆ వేగానికి రాలేదు, తొందర కూడా లేదు.

అపోహ: సదరం సర్టిఫికెట్‌లో ఎంత శాతం ఉంటే ఆ క్లాసులో ఆడతారు

సదరం అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ సర్టిఫికెట్. ఆ శాతం పెన్షన్‌కి, రాయితీలకి. రేసు దగ్గర దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అక్కడ శిక్షణ పొందిన క్లాసిఫయర్లు మన కండరాల బలం, కూర్చున్నప్పటి నిలకడ, అవయవం ఎంత మేరకు ఉందీ అన్నవి స్వయంగా పరీక్షించి క్లాసు ఇస్తారు. కూర్చునేవాళ్ల క్లాసులకు ఎల్‌డబ్ల్యు 10 నుంచి 12 దాకా అని పేర్లు. అంకె చిన్నదైతే నడుము మీద పట్టు తక్కువ అని. 2022 నుంచి పారా ఆల్పైన్ (దివ్యాంగుల ఆల్పైన్ పోటీలు) కూడా అంతర్జాతీయ స్కీ సమాఖ్య ఎఫ్‌ఐఎస్ కిందే నడుస్తోంది.

మరి పట్టున్నవాళ్లనీ లేనివాళ్లనీ ఒకే పోటీలో ఎలా పెడతారు? ప్రతి క్లాసుకీ ఒక ఫ్యాక్టర్ ఉంటుంది. గడియారంలో వచ్చిన టైముని దానితో గుణిస్తారు. లెక్క తెలియడానికి ఫ్యాక్టర్ 0.80 అనుకోండి. 60 సెకన్లలో దిగితే బోర్డు మీద 48 పడుతుంది. అసలు అంకెలు ఈవెంట్‌ను బట్టి మారతాయి. అందుకే గడియారంలో తక్కువ టైము వచ్చినంత మాత్రాన గెలిచినట్టు కాదు. మా నాన్న వీడియో కాల్‌లో చూస్తూ, "నువ్వు ఆ అమ్మాయికంటే తొందరగా వచ్చావుగా, మరి పట్టికలో కిందకెళ్లావేంటి?" అని నిర్వాహకుల మీద కోప్పడ్డాడు. లెక్క చెప్పాక నా మీద కోప్పడ్డాడు.

అపోహ: పేపర్లో ఫొటో వచ్చింది, ఇక డబ్బుకి కొదవేముంది

మా ఇంట్లో పదిహేడు శాలువాలున్నాయి. మాది ఎండల ఊరు, వాటిని ఏం చేసుకోవాలో తెలియదు. గుల్మర్గ్ తీసుకెళ్దామంటే అవి చలికి ఆగవు.

ప్రభుత్వ నజరానాలు ఎక్కువగా పతకం వచ్చాక. ఖర్చు అంతకు ముందు. కొత్త రేసింగ్ సిట్-స్కీ నాలుగైదు లక్షలకు తక్కువ దొరకదు. నాది యూరప్ రేసర్ వాడి అమ్మేసిన పాతది, బకెట్ మాత్రం నా కొలతకి మార్పించుకున్నా. ఆ పైన కోచ్, లిఫ్ట్ టికెట్లు, వీల్‌చైర్ పట్టే బాత్రూమ్ ఉన్న గది (చవక గదుల్లో ఇది ఉండదు), నాతో వచ్చే మనిషి ఖర్చులు. అన్నిటికంటే ఈ చివరిదే దాతలకు అర్థం కాదు.

మొదట్లో ప్రమాదం కథ చెప్పి అడిగేదాన్ని. కళ్లు తుడుచుకుని శాలువా కప్పి పంపేవారు. ఒకసారి గుంటూరు మిర్చి యార్డులో ఒక వ్యాపారి నన్ను మధ్యలోనే ఆపి, "అమ్మా, కథ సరే, లెక్క చూపించు" అన్నాడు. నా ఖర్చుల కాగితాన్ని, తక్‌పట్టీ (యార్డులో ఇచ్చే అమ్మకం చీటీ) చూసినట్టు పైనుంచి కింది దాకా చూసి, ఔట్‌రిగర్ల వరస మీద వేలు పెట్టి, "ఇది నాది. బిల్లు నాకు పంపు" అన్నాడు. అప్పటినుంచి మొత్తం సొమ్ము ఎవరినీ అడగను. ఒక్కొక్కరికి ఒక్కో వరస. ఒకరు నాలుగు రోజుల లిఫ్ట్ టికెట్లు, ఒకరు రానుపోను రైలు చార్జీలు. మార్చి అయ్యాక బిల్లులతో పాటు నా టైములు కూడా పంపుతాను, బాగున్నా బాగోకపోయినా.

అపోహ: సీఎస్సార్ అని అడిగితే ఏ కంపెనీ అయినా చెక్కు రాస్తుంది

సీఎస్సార్ అంటే కంపెనీలు సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు. దాన్ని తప్పనిసరి చేసే 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ అన్ని కంపెనీలకూ వర్తించదు. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏదో ఒకటి చేరిన కంపెనీలకే. అవి గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. చేయదగ్గ పనుల జాబితాలో పారాలింపిక్ క్రీడల శిక్షణ పేరుపెట్టి ఉంది, అది మనకు బలం. కానీ ఆ సొమ్ము సాధారణంగా నా ఖాతాలోకి నేరుగా వేయరు. సీఎస్సార్-1 ఫారంతో నమోదైన ట్రస్టు లాంటి సంస్థ ద్వారా రావాలి. 2021 ఏప్రిల్ నుంచి ఆ నమోదు నంబరు లేనిదే పని జరగదు. ఇది తెలియక ఒక కంపెనీ ఒప్పుకున్న మొత్తం పోగొట్టుకున్నాను. నేను ట్రస్టు కోసం తిరుగుతుండగానే ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31 దాటిపోయింది. డిసెంబరులో అడగొద్దు, జూన్‌లోనే మొదలుపెట్టండి.

అపోహ: అమెరికాలో మనవాళ్లు ఇంతమంది ఉండగా నీకేం

గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఈ మాట రాని ఇల్లుండదు. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ట్రస్టు పేరు మీద సేకరిస్తుంటే, ఇచ్చేవాళ్ల పాస్‌పోర్టు చూడాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన పక్కింటి అబ్బాయి పంపితే విదేశీ విరాళమే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే. విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషన్ లేని ట్రస్టు దాన్ని తీసుకోకూడదు.

సొంత ఖాతాలోకి వేయించుకుంటే ఇంకో తంటా. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చింది మొత్తం 50,000 దాటితే, దాటిన ముక్క కాదు, అంతా ఆదాయంగా లెక్కవుతుంది. పోనీ బంధువులే కదా అంటారా? బాబాయి, మేనమామ, అత్త బంధువులే. పెదనాన్న కొడుకు మాత్రం కాదు. ఇంట్లో అన్నయ్య, ఆదాయపు పన్ను శాఖకు బయటివాడు. ఈ సంగతి మా అన్నయ్యకి ఫోన్లో చెబితే, "అయితే రాఖీ ఎవరికి కడుతున్నట్టు?" అన్నాడు.

దాతకి పన్ను మినహాయింపు ఇప్పించే రసీదు (80జీ రసీదు అంటారు) ట్రస్టే ఇవ్వగలదు, నేను ఇవ్వలేను. 2,000 దాటిన నగదుకి, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి ఆ మినహాయింపు వర్తించదు. ఇవన్నీ దాతకి ముందే చెప్పేయాలి. తర్వాత తెలిస్తే ఇంకోసారి ఇవ్వరు.

అపోహ: ముందు సిట్-స్కీ కొనుక్కుని తర్వాత నేర్చుకోవాలి

వద్దు. మొదటి సీజన్ అరువు తెచ్చుకున్న దాంట్లోనే పడండి, లేవండి. నేను తొలివారం నేర్చుకుంది పక్కకి పడటం, ఔట్‌రిగర్ నేలకు నొక్కి మళ్లీ లేవడం, అంతే. అరువు ఇచ్చేవాళ్లు మీ బరువు, కూర్చున్నప్పుడు తుంటి వెడల్పు, వీపు నుంచి మోకాలి దాకా పొడవు అడుగుతారు. వీధి చివర దర్జీ టేపు చాలు. రెండుసార్లు కొలిపించుకోండి, ఒకసారి పల్చటి బట్టలతో, ఒకసారి చలికోటు వేసుకుని. నా మొదటి కొలత మే నెలలో నైటీ మీద తీసింది. జనవరిలో నేను ఆ బకెట్‌లో పట్టలేదు.