ఇసుక మీద నడిచే విద్య: రాల్ఫ్ బ్యాగ్నాల్డ్ మిగిల్చిన లెక్కలు

ఎడారిలో నీళ్లు మనిషి కంటే ముందు కారు తాగేస్తుంది. మెత్తని ఇసుకలో చిన్న గేరు మీద, వెనక నుంచి గాలి తోస్తుండగా నడిపితే రేడియేటర్ కాసేపటికే మరుగుతుంది. ఆవిరి ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి బయటికి పోతుంది. ఆ గొట్టం కొసను రబ్బరు పైపుతో పొడిగించి, సగం నీళ్లున్న డబ్బాలో అడుగు దాకా ముంచి, ఆ డబ్బాను కారు పక్కన మెట్టు మీద బిగించారు రాల్ఫ్ బ్యాగ్నాల్డ్, ఆయన స్నేహితులు. ఆవిరి డబ్బా నీళ్లలో చేరి చల్లబడి నీరవుతుంది. డబ్బా కూడా మరగడం మొదలైతే బండి ఆపి ముక్కును గాలికి ఎదురుగా తిప్పాలి. రేడియేటర్ చల్లబడగానే లోపలి ఆవిరి కుంచించుకుపోతుంది, బయటి గాలి ఒత్తిడి డబ్బాలోని నీటిని గుటగుటమంటూ తిరిగి లోపలికి తోస్తుంది. చుక్క కూడా పోదు. అయితే రేడియేటర్ మూత గాలి చొరబడకుండా బిగిసి ఉండాలి. సందు ఉంటే నీటికి బదులు గాలిని పీల్చుకుంటుంది. గొట్టం కొస నీటి మట్టానికి పైకి తేలినా ఫలితం అదే.

బ్యాగ్నాల్డ్ 1896లో ఇంగ్లండ్‌లో పుట్టారు, 1990లో కన్నుమూశారు. వృత్తికి సైనిక ఇంజనీరు. 1926లో ఉద్యోగం మీద ఈజిప్టు వెళ్లాక సెలవు దొరికినప్పుడల్లా ఫోర్డ్ కార్లేసుకుని ఎడారిలోకి వెళ్లేవారు. లిబియా ఎడారిలోని మహా ఇసుక సముద్రంలోకి కారు పోదని అప్పటి మాట. ఆయన పోయి చూపించారు. 1935లో వెలువడిన ఆయన యాత్రా గ్రంథం ‘లిబియన్ సాండ్స్’ చదివినవారికి ఆయనొక రచయిత. 1941లో వచ్చిన ‘ద ఫిజిక్స్ ఆఫ్ బ్లోన్ సాండ్ అండ్ డెజర్ట్ డ్యూన్స్’ చదివినవారికి శాస్త్రవేత్త. నన్నడిగితే ఆ రెండు పుస్తకాల్లోనూ ఉన్నది ఒకటే ప్రశ్న: ఒకే రంగు ఇసుక, ఒకే ఎండ, ఇక్కడ చక్రం తేలుతుంది, నాలుగు గజాల అవతల ఇరుసు దాకా కూరుకుపోతుంది. ఎందుకు?

ఇసుక తిన్నెకు రెండు ముఖాలుంటాయి. గాలి వచ్చే వైపు వాలు మెల్లగా లేస్తుంది. అటు ఇసుక రేణువులు ఒక్కొక్కటిగా వచ్చి పడతాయి. తర్వాత పడే రేణువు ముందుదాన్ని కొట్టి సందులో కూర్చోబెడుతుంది, అలా కోట్ల దెబ్బలతో ఆ వాలు దిమ్మిస కొట్టినట్టు గట్టిపడుతుంది. శిఖరం దాటిన ఇసుక అవతలి వైపు జారి పడుతుంది. అక్కడ వాలు 32 నుంచి 34 డిగ్రీలు. దాన్ని ఎవరూ దిమ్మిస కొట్టలేదు, పోసిన ధాన్యంలా గుల్లగా ఉంటుంది. బండి కూరుకునేది సాధారణంగా అందులోనే. పైగా తిన్నెలు ముందుకు కదులుతుంటాయి గనుక, నిరుటి జారుడు వాలు ఈ ఏడు పలచని గట్టి పొర కింద దాక్కుని ఉండొచ్చు. పైకి చదునుగా, గట్టిగా కనిపించిన నేల హఠాత్తుగా చక్రాన్ని మింగడానికి అదొక కారణం.

ఇది తెలిస్తే నడిపే పద్ధతి దానంతటదే వస్తుంది. గట్టి వాలునే ఎంచుకుని, కింద నుంచే వేగం పుంజుకుని, అడ్డంగా కాకుండా నిటారుగా తిన్నె మీదికి వెళ్లాలి. వాలు మీద పక్కకు తిప్పితే బరువంతా కింది చక్రాల మీద పడి అవి కూరుకుంటాయి, బండి దొర్లే ప్రమాదమూ ఉంది. పైకెళ్లాక శిఖరం దగ్గర ఆగి తీరాలి. అవతలేముందో కింద నుంచి కనబడదు, మధ్యాహ్నపు ఎండలో నీడలుండవు గనుక దగ్గర నుంచీ కనబడదు. అదే వేగంతో దాటితే జారుడు వాలు మీద బండి గాల్లోకి లేస్తుంది. ఆపడానికి బ్రేకు గట్టిగా తొక్కకూడదు. తొక్కితే చక్రాల ముందు ఇసుక కట్టలా పేరుకుంటుంది, మళ్లీ కదలాలంటే ఆ కట్ట ఎక్కాలి. యాక్సిలరేటర్ వదిలేస్తే ఇసుకే ఆపుతుంది.

టైర్ల సంగతీ ఈ లెక్కలోదే. చక్రం మీద 500 కిలోల బరువుంది, టైరులో గాలి చదరపు సెంటీమీటరుకు 2 కిలోల ఒత్తిడిలో ఉందనుకుందాం. ఆ బరువు మోయడానికి సుమారు 250 చదరపు సెంటీమీటర్ల టైరు నేలను తాకాలి. గాలి సగానికి దించితే ఆ మేర సుమారు 500 అవుతుంది, ఇసుక మీద భారం సగమవుతుంది. కాకపోతే గాలి తగ్గిన టైరు పక్కగోడలు ప్రతి చుట్టుకూ వంగి లేస్తూ వేడెక్కుతాయి, గట్టిగా మలుపు తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. రాళ్ల నేల రాగానే మళ్లీ గాలి కొట్టుకోవాల్సిందే.

ఇన్ని చేసినా బండి కూరుకుంటుంది. కూరుకున్నాక ఇంజన్ రేసు చేయడమే అందరూ చేసే తప్పు. తిరిగే చక్రం ఇసుకను వెనక్కి తవ్విపోసి తన గొయ్యి తానే తీసుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల కప్పులకు వాడిన ఉక్కు రేకులు కైరోలో పాత సామాన్ల అంగట్లో బ్యాగ్నాల్డ్ కంటబడ్డాయి. గాడి ఉన్న పొడవాటి రేకులవి. పారతో వెనక చక్రాల ముందు ఇసుక తీసి, చక్రం అడుగు నుంచి పైకి ఏటవాలుగా దారి చేసి, రేకు కొసను టైరు కిందికి తోయాలి. తర్వాత క్లచ్ మెల్లగా వదలాలి. సరిగా తవ్వకుండా రేకును ఊరికే టైరు ముందు పడేస్తే చక్రం దాన్ని వెనక్కి విసిరేస్తుంది. రేకు దాటాక కూడా గట్టి నేల దొరికేదాకా బండి ఆపకూడదు. మనుషులు రేకులు మోసుకుంటూ వెనక నడిచి రావాల్సిందే.

దారి తెలుసుకోవడం ఇంకో విద్య. కారులోని ఇనుము అయస్కాంత దిక్సూచిని పక్కకు లాగుతుంది. సరైన దిక్కు కావాలంటే ఆగి, దిగి, దూరంగా నడిచి చూసుకోవాలి. అందుకని ఆయన ఎండ దిక్సూచి వాడారు: డిగ్రీలు గుర్తించిన పళ్లెం, మధ్యలో నిలువు సూది, పళ్లెం మీద దాని నీడ. సూర్యుడు కదిలేకొద్దీ గడియారం, పట్టిక చూసుకుని పళ్లెం తిప్పుతుంటే, బండి నడుస్తుండగానే దిక్కు తెలుస్తుంది. నడినెత్తిన సూర్యుడుంటే మాత్రం ఇది పనిచేయదు. ఉత్తర అక్షాంశం 25 డిగ్రీల దగ్గర జూన్ 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం 5 సెంటీమీటర్ల సూదికి 2 మిల్లీమీటర్ల నీడ కూడా పడదు. ఆ వేళ ఆగిపోవడమే మేలు. దిక్కులో ఒక డిగ్రీ తప్పితే 100 కిలోమీటర్లకు 1.75 కిలోమీటర్లు పక్కకు పోతాం. మెత్తని ఇసుకలో చక్రం జారుతూ తిరుగుతుంది గనుక మీటరు చూపే దూరం అసలు దూరం కంటే ఎక్కువ. ఆ తేడాలన్నీ రాత్రి థియొడొలైట్‌తో (కోణాలు కొలిచే దుర్భిణి) నక్షత్రాలు చూసి సరిచేయాలి. దానికి రేడియోలో వచ్చే కాల సంకేతం అవసరం, ఎందుకంటే గడియారం 4 సెకన్లు తప్పితే అక్కడ సుమారు 1.7 కిలోమీటర్ల తేడా వస్తుంది.

1935లో సైన్యం నుంచి విరమించుకున్నాక బ్యాగ్నాల్డ్ లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో గాలి సొరంగం కట్టారు. అడుగు చదరం, పొడవు సుమారు 30 అడుగులు. అందులో ఇసుక పోసి గాలి తోలి చూశారు. ఇసుకను గాలి పొగలా మోసుకుపోదని అక్కడ తేలింది. రేణువు నిలువుగా ఎగురుతుంది, గాలి దాన్ని ముందుకు తోస్తుంది, చివరికి బల్లపరుపుగా వచ్చి నేలను కొడుతుంది, ఆ దెబ్బకు ఇంకొన్ని లేస్తాయి. ఈ గెంతుల నడకే సాల్టేషన్. ఎగరలేని పెద్ద రేణువులు ఆ దెబ్బలు తింటూ నేల మీదే జరుగుతాయి. కదిలే ఇసుకలో దాదాపు నాలుగో వంతు ఇలా పాకేదేనని ఆయన లెక్క. తన కంటే ఆరు రెట్ల వ్యాసం, 200 రెట్ల బరువున్న గులకను కూడా ఒక రేణువు కదిలించగలదు. అసలైన ఇసుక తుఫానులో ఇసుక మేఘం నేలను అంటుకునే పోతుంది. మనిషి తలా భుజాలూ ఆ పైన ఉండి ఎండ చూస్తుంటాయి. కళ్లు కనబడనివ్వనిది ధూళి తుఫాను, అది వేరు.

ధూళి విషయంలో ఆయన ప్రయోగం ఒకటి నాకు మరీ ఇష్టం. సిమెంటు పొడిని సొరంగంలో పరిచి గాలి తోలారు. 4.6 మిల్లీమీటర్ల గులకలను దొర్లించే గాలికి కూడా సిమెంటు కదల్లేదు. రేణువు 0.08 మిల్లీమీటర్ల కంటే చిన్నదైతే నేలనంటిన నిశ్చల గాలి పొరలో దాక్కుంటుంది, పక్కవాటిని అంటిపెట్టుకుంటుంది. దాన్ని లేపాలంటే ఇసుక రేణువు వచ్చి కొట్టాలి, లేదా గొర్రెల మంద తొక్కాలి. మట్టి రోడ్డు మీద గాలి వీస్తున్నా లేవని దుమ్ము బండి పోగానే లేవడానికి కారణం ఇదే.

ఇక చెల్లాచెదురుగా పడాల్సిన ఇసుక తిన్నెగా ఎందుకు కూడుతుంది? ఇది ఆయన లెక్కల్లోకెల్లా అందమైనది. రేణువు రాతి మీద పడితే బంతిలా ఎత్తుకు లేస్తుంది, ఎత్తులో గాలి వేగం ఎక్కువ, కాబట్టి సులువుగా సాగిపోతుంది. ఇసుక మీద పడితే దాని ఊపంతా పక్క రేణువులను ఎగరేయడంలో ఖర్చవుతుంది. ఎగిరిన ప్రతిదాన్నీ గాలే తోయాలి, అందుకని అదే గాలి ఇసుక మీద తక్కువ ఇసుకను మోయగలదు. గులక నేల మీదుగా నిండుగా వచ్చిన గాలి ఇసుక మడి చేరగానే భారం దించుతుంది. ఇసుక ఉన్నచోటికే ఇసుక చేరుతుంది.

మోసే ఇసుక గాలి వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్లు. వారాల పిల్లగాలి చేయలేని పని ఒక్క పెనుగాలి చేస్తుందన్నమాట. తిన్నె కదిలే వేగం మాత్రం ఎత్తుకు విలోమం. 10 మీటర్ల తిన్నె ఒక అడుగు వేసేలోపు 5 మీటర్లది రెండడుగులు వేస్తుంది.

ఈ లెక్కలు మన అనంతపురం జిల్లాకూ వర్తిస్తాయి. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి (హగరి) నది ఇసుక నైరుతి గాలులకు లేచి పొలాల మీద పడుతుంది. అక్కడ అడ్డుగోడ కట్టడం పొరపాటు. గోడ మొదట్లో గాలి సుడి తిరిగి నేలను తవ్వుతుంది, పైనుంచి ఇసుక దూకుతుంది. గాలికి అడ్డంగా, సగం మేర సందులున్న కమ్మల దడి కడితే గాలి నెమ్మదించి ఇసుకను దడికి అటూ ఇటూ దించేస్తుంది. దడి మునిగాక దాని మీద ఇంకొకటి. ఆ చాటున సరుగుడు, రెల్లు వేళ్లూనుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940 జులైలో, అక్కడి బ్రిటిష్ సేనాధిపతి జనరల్ వేవెల్ అనుమతితో, బ్యాగ్నాల్డ్ ఈజిప్టులో దూరప్రాంత ఎడారి దళాన్ని నెలకొల్పారు. ఎక్కువగా న్యూజిలాండ్ రైతు బిడ్డలు. షెవర్లే లారీలకు అవే డబ్బాలు, అవే ఉక్కు రేకులు, అవే ఎండ దిక్సూచులు. సెలవుల్లో సొంత డబ్బుతో నేర్చుకున్నదంతా అక్కడ యుద్ధానికి పనికొచ్చింది. నాకు మాత్రం ఆయన 1938లో చేసిన ప్రయాణమే ఎక్కువ గుర్తొస్తుంది. సొరంగంలో తేలిన లెక్కలు నిజమైన గాలిలో నిలుస్తాయో లేదో చూడడానికే ఆయన మళ్లీ ఎడారికి వెళ్లారు. నిలిచాయి.

అంగారకుడి మీద గేల్ బిలంలోని నల్లని తిన్నెల వరసకు ఇప్పుడు ఆయన పేరుంది. 2015 చివర్లో నాసా పంపిన చక్రాల బండి, క్యూరియాసిటీ రోవర్, అక్కడికి చేరింది. అక్కడి గాలి సాంద్రత మన గాలిలో నూటికి ఒకటి రెండు వంతులే. తిన్నెల మీద మన ఎడారుల్లో కనిపించేలాంటి చిన్న అలలున్నాయి, వాటితోపాటు ఒక శిఖరానికీ ఇంకోదానికీ మధ్య సుమారు 3 మీటర్ల ఎడం ఉన్న పెద్ద అలలూ ఉన్నాయి. ఆ పెద్దవి భూమి మీది ఇసుక తిన్నెల్లో ఎవరూ చూడనివి. 2016 జనవరిలో రోవర్ తిన్నె అంచున చక్రంతో ఇసుకను కెలికి, గుల్ల చేసి, లోపలి రేణువులను తోడి, 150 మైక్రాన్ల (0.15 మిల్లీమీటర్ల) జల్లెడ పట్టింది.