డెక్స్టర్ గార్డన్ ఎందుకు లేట్‌గా వాయిస్తాడంటే

చిన్నీ, వాసూ,

మొన్న వీడియో కాల్‌లో చిన్ని ఒకటి అడిగింది, నేను చెప్పేలోపే మీ అమ్మమ్మ ఫోన్ లాక్కుంది, అందుకే ఈ ఉత్తరం. బ్యాండ్ సార్ జాజ్ శాక్సఫోన్ వాయించే డెక్స్టర్ గార్డన్‌ని వినమన్నారు, విన్నాను, కానీ ఆయన అన్నీ లేట్‌గా వాయిస్తాడేంటి తాతయ్యా, మేం అలా వాయిస్తే మా సార్ ఆపేసి మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టిస్తారు అంది. నీ చెవి బాగానే పనిచేస్తోంది తల్లీ. ఆయన నిజంగానే లేట్. కాకపోతే ఆ లేట్‌కి ఒక లెక్క ఉంది, అదే చెప్తా.

ముందు మీరు గో అనే ఆల్బమ్ పెట్టండి, నేను షిప్‌లో పనిచేసే రోజుల్లో కొన్న ఎల్పీల్లో బాగా అరిగిపోయింది అదే. మొదటి ట్రాక్ పేరు చీజ్ కేక్, డెక్స్టర్ సొంత ట్యూన్, ఆరున్నర నిమిషాలుంటుంది. పేరు చూసి తియ్యగా ఉంటుందనుకోకండి, మైనర్‌లో కాస్త దిగులుగా, అయినా చకచకా నడిచే పాట. మొదటిసారి శాక్సఫోన్ వినకండి. వినిపిస్తూనే ఉంటుందిలే, పట్టించుకోకండి అంటున్నా. బేస్, అంటే అడుగున గంభీరంగా మోగే పెద్ద తీగల వాద్యం, అదొక్కటే పట్టుకోండి, బుచ్ వారెన్ అనే కుర్రాడు, అప్పటికి వాడికి 23 ఏళ్ళు, బీటుకొక నోట్ చొప్పున నడుచుకుంటూ పోతాడు, దాంతోపాటు కాలితో తాళం వేస్తూ ఉండండి. డ్రమ్స్ మీద బిల్లీ హిగ్గిన్స్, ఆయన సింబల్, అంటే ఆ ఇత్తడి పళ్ళెం, ఎంత తేలిగ్గా కొడతాడంటే కర్ర ఆనించాడా లేదా అని అనుమానం వస్తుంది, కానీ ఎక్కడా జారదు. ఇప్పుడు మీ కాలు ఆపకుండా శాక్సఫోన్ వైపు చెవి పెట్టండి. కాలు నేలకి తగిలాక, ఒక వెంట్రుకవాసి తర్వాత ఆయన నోట్ పడుతుంది. తర్వాతదీ అంతే, ఆ తర్వాతదీ అంతే. పది నోట్లు వరసగా వాయించినా ఆ పదీ అంతే దూరంలో వెనక నడుస్తాయి, ఆ దూరం పెరగదు, తరగదు. అసలు విషయమంతా ఇక్కడే ఉంది చిన్నీ. మీ బ్యాండ్‌లో పిల్లలు లేట్ అయినప్పుడు మొదటి నోట్ కొంచెం, రెండోది ఇంకొంచెం, అలా జారి జారి చివరికి పాటే నెమ్మదైపోతుంది, మీ సార్ ఆపేది దానికే. డెక్స్టర్ లోపల తాళం ఎక్కడా నెమ్మదించదు, కావాలని ఆ కాస్త వెనక కూర్చుంటాడు, అక్కడ కూర్చుని హాయిగా మాట్లాడతాడు.

ఇంకో సంగతి, ఇది చాలామంది గమనించరు. ఆయన వెనక ఉన్నాడు కదా అని డ్రమ్మర్ జాలిపడి ఆగాడనుకోండి, మొత్తం కూలిపోతుంది. హిగ్గిన్స్, వారెన్ ఆగరు. వాళ్ళు ముందుకి తోస్తుంటారు, ఈయన వెనక్కి వాలుతుంటాడు, ఆ మధ్యలో తాడు బిగిసి ఉంటుంది. అందుకే ఈ రికార్డు సగం గొప్పతనం వెనకవాళ్ళదే అని నా అభిప్రాయం, డెక్స్టర్ కూడా ఈ రిథమ్ సెక్షన్, అంటే వెనక తాళం నడిపే బేస్, డ్రమ్స్, పియానో వాళ్ళంటే తనకి చాలా ఇష్టమని చెప్పుకునేవాడు. పియానో సోనీ క్లార్క్. పాపం ఈ రికార్డు చేసిన అయిదు నెలల్లోపే, 1963 జనవరిలో పోయాడు, 31 ఏళ్ళకే.

రికార్డు చేసింది 1962 ఆగస్టు 27, సోమవారం. ఎక్కడో తెలుసా, మీ న్యూజెర్సీలోనే, ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో రూడీ వాన్ గెల్డర్ స్టూడియో. పగలు కళ్ళద్దాల డాక్టర్‌గా పనిచేస్తూ, హాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి హాల్లోనే రికార్డింగులు చేసిన మనిషి ఆయన, 1959లో ఇది కట్టుకున్నాడు, చెక్క దూలాలతో ఎత్తైన కప్పు. ఆ రోజుల్లో అక్కడ ఇలాంటి జాజ్ రికార్డులకి ఇప్పటిలా ఒక్కొక్కరిని విడిగా రికార్డు చేసి తర్వాత అతికించేవాళ్ళు కాదు, అందరూ ఒకేసారి వాయించాలి, ఎవరైనా తప్పితే అందరూ మళ్ళీ వాయించాలి. రెండు రోజులాగి 29న అదే నలుగురూ మళ్ళీ వచ్చి ఇంకో ఆల్బమ్ వాయించేశారు, ఎ స్వింగిన్ అఫేర్ అని. అంతకుముందు ఏడాది, 1961 మేలో కూడా ఇలాగే, 6న ఒకటి, 9న ఒకటి.

అంత తొందర దేనికంటే, అప్పటికే ఆయన జీవితంలో చాలా ఏళ్ళు వృథా అయిపోయాయి. డెక్స్టర్ పుట్టింది 1923లో, లాస్ ఏంజెలెస్‌లో, వాళ్ళ నాన్న పెద్ద డాక్టర్, డ్యూక్ ఎలింగ్టన్ లాంటి పేరున్న జాజ్ వాళ్ళు ఆయన దగ్గరికి వైద్యానికి వచ్చేవాళ్ళు. ఆరున్నర అడుగుల మనిషి. ఇరవై దాటేసరికే బిల్లీ ఎక్‌స్టైన్ బ్యాండ్‌లో, ట్రంపెట్ వాయించే డిజీ గిలెస్పీ పక్కన వాయించాడు. శాక్సఫోన్ వాయించే జాన్ కోల్‌ట్రేన్ పేరు విన్నారు కదా, ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు వెంటపడి విన్న శాక్సఫోన్లలో డెక్స్టర్‌ది ఒకటి. తర్వాత హెరాయిన్ అలవాటైంది. నేను దాస్తే మీరే నెట్‌లో చదువుతారు కాబట్టి చెప్తున్నా. 1950లు దాదాపు మొత్తం జైలుకెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. కాలిఫోర్నియాలో చీనో అనే జైల్లో ఉన్నప్పుడు అక్కడే ఒక సినిమా తీశారు, అందులో ఖైదీల బ్యాండ్‌లో డెక్స్టర్ కనిపిస్తాడు, శాక్సఫోన్ నోట్లో పెట్టుకుని. కానీ సౌండ్ ఆయనది కాదు, వేరేవాళ్ళు వాయించింది తర్వాత అతికించారు. ఎదురుగా అంత వాద్యగాడిని పెట్టుకుని చేసిన పని చూడండి!

ఆ పదేళ్ళలోనే జాజ్ మారిపోయింది. బీబాప్ అంటే 1940ల్లో చార్లీ పార్కర్, గిలెస్పీ వాళ్ళు తెచ్చిన స్పీడు సంగీతం, మలుపులెక్కువ. దానికి 50ల్లో హొరేస్ సిల్వర్, ఆర్ట్ బ్లేకీ లాంటివాళ్ళు బ్లూస్, చర్చి పాటల రుచి బాగా దట్టించారు, దాన్నే హార్డ్ బాప్ అన్నారు. డెక్స్టర్ పాత బడి మనిషి, బయటికొచ్చి చూస్తే తన తర్వాతి కుర్రాళ్ళు ఊళ్ళేలుతున్నారు. ఇంకొకడైతే వాళ్ళలా గబగబా వాయించబోయి నవ్వులపాలయ్యేవాడు. ఈయన వాళ్ళ దగ్గర్నుంచి కావాల్సింది తీసుకున్నాడు కానీ తన నడక మార్చుకోలేదు, పైగా ఇంకా నింపాదిగా తయారయ్యాడు.

వాసూ, నువ్వు అడిగావు కదా మధ్యలో ఎక్కడో వేరే పాట వినిపిస్తోంది ఏంటని. అదీ ఆయన అలవాటే. మన హరిదాసు సీతాకల్యాణం చెప్తూ చెప్తూ ఒక పిట్టకథ అందుకుని, జనం నవ్వుతుండగానే టక్కున కథలోకి వచ్చేస్తాడే, అచ్చం అలాగే. సోలో, అంటే తన వంతు వాయింపు, మధ్యలో అందరికీ తెలిసిన ఏదో పాట ముక్క ఒకటి విసిరి, ఏమీ ఎరగనట్టు ముందుకెళ్ళిపోతాడు. కొంతమంది విమర్శకులకి ఇది నచ్చదు, చిల్లర వేషం అంటారు. నాకైతే ఇష్టం, మరీ ఎక్కువైనప్పుడు తప్ప.

నెమ్మది పాటలు మాత్రం చిన్నీ, నువ్వు రాత్రి పడుకునే ముందు విను. గో లోనే రెండున్నాయి. స్టేజి మీద అయితే ఇలాంటి పాట ఎత్తుకునే ముందు డెక్స్టర్ ఆ పాట మాటలు కొన్ని తన బొంగురు గొంతుతో చెప్పి, అప్పుడు వాయించేవాడు. మాటలు తెలియకుండా పాట వాయించకూడదు అనే పట్టుదల, ఆయన గురువులా భావించిన శాక్సఫోన్ వాద్యగాడు లెస్టర్ యంగ్‌ది కూడా అదే. నీ స్కూల్ పాటలకి కూడా మాటలు వెతికి చూడు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో దానంతటదే తెలుస్తుంది. త్యాగరాజ కీర్తనలు శాక్సఫోన్ మీద వాయించిన కద్రి గోపాల్‌నాథ్ గారిని కూడా ఒకసారి విను, ‘రామా’ అనే చోట రామా అనే వినిపిస్తుంది.

ఇంత బాగా వాయించిన మనిషికి న్యూయార్క్ క్లబ్బుల్లో పని దొరకలేదంటే నమ్ముతారా. అప్పట్లో అక్కడ క్లబ్బులో వాయించాలంటే పోలీసులు ఇచ్చే క్యాబరే కార్డు ఉండాలి, డ్రగ్స్ కేసు ఉన్నవాళ్ళకి ఇవ్వరు. రికార్డులు చెయ్యొచ్చు, అమ్ముకోవచ్చు, ఆ రికార్డు కొన్నవాడు క్లబ్బుకొచ్చి అడిగితే వాయించడానికి మాత్రం లేదు. ఆ రూల్ 1967లో గానీ తీసెయ్యలేదు. ఈయన అప్పటిదాకా ఎందుకు కూర్చుంటాడు, గో వాయించిన కొద్దిరోజులకే యూరప్ వెళ్ళిపోయాడు, ఎక్కువగా కోపెన్‌హేగన్‌లో ఉంటూ, ఆ ఖండంలోనే 14 ఏళ్ళు ఉండిపోయాడు. 1976లో తిరిగొస్తే న్యూయార్క్‌లో జనం క్యూలు కట్టారు, 1986లో సినిమాలో వేషం వేస్తే ఆస్కార్‌కి నామినేట్ అయ్యాడు, 1990లో పోయాడు, అదంతా ఇంకోసారి.

గో అయ్యాక అవర్ మ్యాన్ ఇన్ పారిస్ వినండి, 1963 మే 23. డెక్స్టర్ కొత్త ట్యూన్లు రాసుకుని వెళ్ళాడు, తీరా పియానోకి బడ్ పావెల్ వచ్చాడు, ఆయన ఆరోగ్యం బాగాలేదు, కొత్తవి నేర్చుకోను, పాతవే వాయిద్దాం అన్నాడు. సరే అని అందరికీ తెలిసిన పాటలే వాయించేశారు, ప్రాక్టీస్ లేదు, అయినా ఆ రికార్డు నిప్పులు కక్కుతుంది. బ్రాడ్‌వే అనే ట్రాక్‌లో కెనీ క్లార్క్ డ్రమ్స్‌కి కాలితో తాళం వెయ్యండి, ఇక్కడ స్పీడు ఎక్కువ, అయినా డెక్స్టర్ వెనకే ఉంటాడు. ఎంత వెనక ఉన్నాడో, గో కంటే ఎక్కువో తక్కువో ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాసి నాకు వాట్సాప్ చెయ్యండి, ఒకళ్ళది ఒకళ్ళు చూసి రాస్తే నాకు తెలిసిపోతుంది.

మీ తాతయ్య
విశాఖపట్నం